మూడుసార్లు విన్న సాబ్

కిరందుల్ స్టేషన్ బుకింగ్ కౌంటర్లో పద్దెనిమిదేళ్ళుగా కూర్చుంటున్నాను. కొండ మీద తవ్విన ఇనుప ఖనిజాన్ని గూడ్సు బళ్ళు పగలూ రాత్రీ విశాఖపట్నానికి మోసుకుపోతుంటాయి. మనుషుల కోసం మాత్రం రోజుకి ఒక్కటే పాసింజరు. ఆ ఒక్క బండికీ మర్నాటి బండికీ మధ్యన దొరికిన ఖాళీలో నేను భాషలు నేర్చాను. ఇంట్లో మా సిక్కోలు తెలుగు ఉండనే ఉంది. ఆఫీసులో హిందీ, సంతలో హల్బీ, అవసరానికి సరిపడా గోండీ. "కూర్మారావు బాబుకి నాలుగు నాలుకలు" అని ఊళ్ళో అంటుంటే పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడెవరైనా ఆ మాటంటే ఒళ్ళు మండుతుంది. ముందే చెప్పేస్తున్నాను, నా దగ్గర ఆ మాట ఎత్తకండి.

ఆ నాలుగు నాలుకల కోసమే సినిమా వాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ముంబయి నుంచి దిగిన హిందీ సినిమా అది. పేరు "కిరాయే కీ వర్దీ", అంటే అద్దె యూనిఫాం. ఒక దొంగ, ఎవరో ఇన్‌స్పెక్టర్ బట్టలు కొట్టేసి, పారిపోయి గనుల ఊరికి వస్తాడు. ఊరివాళ్ళు నిజం ఇన్‌స్పెక్టరే అనుకుని తమ కష్టాలు మొరపెట్టుకుంటారు. వాడికి ఒక్క ముక్క అర్థం కాదు. అందరికీ ఒకటే జవాబు చెబుతాడు: "హో జాయేగా, సమఝో హో గయా." అయిపోతుంది, అయిపోయిందనుకో అని. మధ్యలో ఫైట్లు, ఛేజింగులు, చివర్లో పెద్ద పేలుడు. కథ విన్నప్పుడు నేనూ కడుపుబ్బ నవ్వాను.

ఇరవై రోజుల్లో ముగించేస్తామని వచ్చారు. నలభై రోజులైనా సగం కాలేదు. హీరోకి తెల్ల సూటులో ఒక పాట పెట్టారు. మా ఊళ్ళో తెల్ల సూటు! రెండో అడుగు వేసేసరికి ఖనిజం దుమ్ముకి అది ఇటుక రంగుకి తిరిగింది. మా ఊళ్ళో కాకులు కూడా ఎర్రగానే ఉంటాయని చెప్పాను, ఎవడు విన్నాడు? ముంబయి నుంచి తెప్పించిన పదకొండు సూట్లూ అలాగే పోయాయి. లారీ మీద నుంచి దూకే సీనులో హీరో బురదలో జారి మడమ బెణికించుకున్నాడు. అతనికి డూపుగా వచ్చిన కుర్రాడికి మలేరియా పట్టుకుంది. గట్టిగా డైలాగు చెప్పబోయే సమయానికి ఎక్కడి నుంచో గూడ్సు కూత వేసేది. "కూర్మారావ్‌జీ, ఆ బండిని కాసేపు ఆపించండి" అన్నాడు డైరెక్టరు ఒకరోజు. ఖనిజం బండిని సినిమా కోసం ఆపమంటాడు, ఎంత అమాయకుడో చూడండి! పైగా మూడు రోజులు అన్నల బంద్ వచ్చి రోడ్డు మీద చెట్లు నరికి పడేశారు. గనిలో పేలుడు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకున్నారు. చివరికి ప్రొడ్యూసర్ ఫోన్ చేసి, శుక్రవారం సాయంత్రం సామాను సర్దేయండి, మిగిలింది ముంబయి సెట్లో చూసుకుందాం అన్నాడు.

నా గుండె జారిపోయింది. ఎందుకో చెబుతాను, నవ్వుకోండి. ఆ సినిమాలో నాకు వేషం ఇచ్చారు. స్టేషన్ మాస్టర్. ఒక్క డైలాగు: "ఈ బండి కిరందుల్ దాటి పోదు సాబ్." నెల రోజులు అద్దం ముందు నిలబడి ఆ మాటే చెప్పుకున్నాను. కోపంగా ఒకసారి, వెటకారంగా ఒకసారి.

"బండి కిరందుల్ దాటదని పసిపిల్లలకీ తెలుసు. దానికింత రిహార్సలేటండీ?" అనేది మా ఆవిడ ప్రమీలారాణి. "మీ మాట విని ఆ దొంగోడు నడిసైనా ఎల్లిపోతాడు."

ఆట పట్టిస్తూనే పలాసలో ఉన్న వాళ్ళన్నయ్యకి ఫోన్ చేసి చెప్పేసింది. మా కూతురు చిన్నమ్మి బడిలో అందరికీ చెప్పింది. నా సీను శుక్రవారం సాయంత్రం, అన్నిటికంటే ఆఖర్న వేశారు. దానికి ముందు పొద్దుటి పూట పిటిషన్ల సీను. అది ఆలస్యమైతే నా సీను ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే జరిగినదానికి ఇంతకు మించి కారణమేమీ లేదు.

స్టేషన్ వెనక పాడుబడ్డ గోడౌన్‌ని పోలీస్ ఠాణాగా మార్చారు. కొండ అవతలి పల్లె నుంచి ఎనిమిది మందిని జీపులో తెప్పించారు. డైరెక్టరు నన్ను పక్కకి పిలిచాడు.

"నటన అని వాళ్ళకి చెప్పకండి. చెబితే బిగుసుకుపోతారు. నాకు సహజంగా కావాలి. సాబ్ దగ్గర మీ కష్టం చెప్పుకోండి అని మాత్రం చెప్పండి. మీ భాషలో ఏదైనా సరే చెప్పుకోండి అనండి. తెర కింద నవ్వొచ్చే మాటలు మేం వేసుకుంటాం."

అలాగేనన్నాను. హల్బీలో వాళ్ళకి సరిగ్గా అంతే చెప్పాను. మరి కెమెరాలు, లైట్లు చూసి అనుమానం రాలేదా అంటారేమో. ఈ ప్రాంతానికి పెద్ద అధికారి ఎవరొచ్చినా ముందూ వెనకా కెమెరాలు లేకుండా రాడు. ఎన్ని కెమెరాలుంటే అంత పెద్ద సాబ్ అన్నమాట.

ఒకాయన చేతిపంపు పాడైందన్నాడు. ఒకామె రేషన్ కార్డు మీద పేరు తప్పు పడిందంది. హీరో మీసం మెలేసి "హో జాయేగా" అన్నాడు. తర్వాత సన్నే వచ్చింది.

సన్నే నాకు తెలుసు. ఆదివారం సంతకి చింతపండు, ఆకుదొన్నెలు తెచ్చి అమ్మే మనిషి. యాభై దాటి ఉంటాయి. ఆమె కొడుకు సుక్రాం జగదల్‌పూర్ జైల్లో ఉన్నాడని కూడా నాకు తెలుసు. రోడ్డు కల్వర్టు పేలిపోయిన కేసులో ఆ పల్లె నుంచి పన్నెండు మందిని పట్టుకుపోయారు. సుక్రాం వాళ్ళల్లో ఒకడు. మూడేళ్ళైనా విచారణ మొదలవలేదు. జైలుకి వెళ్ళే ప్రతిసారీ టికెట్టు నా దగ్గరే కొనేది.

ఆమె హీరో కాళ్ళ దగ్గర కూర్చుంది. బూట్లు పట్టుకుంది. "మోచో లేకా సుక్రాం" అని మొదలుపెట్టింది. నా కొడుకు సుక్రాం, సాబ్. పశువుల్ని తోలుకెళ్ళినవాణ్ణి పట్టుకుపోయారు. మూడేళ్ళుగా పండక్కి కొత్తబియ్యం తినలేదు మా ఇంట్లో. పెళ్ళాం పుట్టింటికి పోయింది. వాడికి కల్వర్టంటే ఏమిటో కూడా తెలీదు. పంపించెయ్యి సాబ్. అలా చెబుతూ చెబుతూ ఏడ్చింది.

"ఏమంటోంది?" అని నా చెవిలో అడిగాడు డైరెక్టరు.

డైరెక్టరు చెడ్డవాడు కాదు. నిజం చెబితే "కట్" అనేవాడే. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడేవాడు, ఇంకో మనిషిని పెట్టేవాడు. పూట గడిచిపోయేది. నా స్టేషన్ మాస్టర్ గాల్లో కలిసిపోయేవాడు.

"కోడి పోయిందట సార్. పక్కింటివాళ్ళ మీద కంప్లైంట్" అన్నాను.

అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు విని హీరో కూడా నవ్వేశాడు, డైలాగు మర్చిపోయాడు. మళ్ళీ తీద్దాం అన్నారు. "సన్నే, సాబ్‌కి ఇంకోసారి చెప్పు" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని మొదటి నుంచీ చెప్పింది, మొదటిసారి లాగే ఏడ్చింది. సరిగ్గా చివర్లో గూడ్సు కూత వేసింది. "ఇంకోసారి చెప్పు సన్నే." మూడోసారి కూడా చెప్పింది. ఈసారి హీరో ఆమె తల మీద చెయ్యి పెట్టి, "హో జాయేగా అమ్మా, సమఝో హో గయా" అన్నాడు. ఆ మాత్రం హిందీ ఆమెకి వచ్చు. రెండు చేతులూ నేలకి ఆనించి మొక్కింది.

మధ్యాహ్నం అన్నం తింటూ హీరో, "కోడి కోసం మనిషి అంతలా ఏడుస్తుందా?" అని అడిగాడు.

"వీళ్ళకి కోళ్ళంటే ప్రాణం సార్" అన్నాను. నా నోటితోనే అన్నాను.

సాయంత్రం నా సీను ఒక్క టేకులో అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి అన్నం సహించలేదని చెబితే మీరు సంతోషిస్తారేమో. సహించింది. రెండుసార్లు మారు వడ్డించుకున్నాను.

తర్వాతి ఆదివారం సన్నే కౌంటర్ దగ్గరికి వచ్చి దొన్నె నిండా ఇప్పపువ్వు పెట్టింది. "సాబ్ దగ్గరికి తీసుకెళ్ళావు, నీ మేలు మర్చిపోను బాబూ" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. మాట గొంతు దాకా వచ్చింది. వెనక క్యూలో నలుగురున్నారు, వాళ్ళ ముందెందుకులే అనుకున్నాను. వాళ్ళు వెళ్ళాక కూడా చెప్పలేదు. ప్రతి ఆదివారం సంత ముగిశాక ప్లాట్‌ఫారం మీద కూర్చుని సాయంత్రం పాసింజరు కోసం చూసేది. బండి దిగే ఒక్కొక్కరినీ చూసి, ఆఖరి మనిషి వెళ్ళిపోయాక లేచేది. పోతూ పోతూ "కబురేమైనా ఉందా బాబూ?" అనేది. "పెద్దవాళ్ళ పని కదా, టైం పడుతుంది" అనేవాణ్ణి. ఆమె తెచ్చిన చింతపండుతో మా ఇంట్లో పులుసు కాచుకున్నాం.

ఆరు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పాసింజరు వచ్చి ఆగింది. సన్నే పల్లె మగవాళ్ళు దిగారు. జైలు నుంచి వస్తున్నారని చూడగానే తెలిసింది. ఆడవాళ్ళు ఏడుస్తూ వాళ్ళని చుట్టేశారు. నేను కౌంటర్ వదిలి బయటికి వచ్చి లెక్కపెట్టాను. పదకొండు మంది. సుక్రాం లేడు.

సన్నే మాత్రం నవ్వుతూ నా దగ్గరికి వచ్చింది.

"వీళ్ళందరికీ బెయిలొచ్చింది, జమానతు మీద వచ్చారు బాబూ. జగదల్‌పూర్ వకీలమ్మ మనిషిని పంపించి కాగితం మీద ఇంటివాళ్ళ వేలిముద్రలు తీసుకుంది. నేను వెయ్యలేదు. నా కొడుక్కి కాగితం ఎందుకు? పెద్ద సాబ్ నోటితో చెప్పాడు. వాడు బండిలో రాకపోతే సాబ్ జీపులోనే వస్తాడు."

తల కొట్టేసినట్టయింది నాకు. నేల చీలితే అందులో దూరిపోదును. అయినా సరే, వినండి, ఆ రోజు కూడా చెప్పలేదు. "చీకటి పడుతోంది, అందరితో కలిసి వెళ్ళు" అని మాత్రం అన్నాను.

షూటింగై ఏడాది తిరిగాక సినిమా విడుదలైంది. జగదల్‌పూర్ హాల్లో ఆడుతోందని తెలిసి ప్రమీలారాణి కొత్త చీర కట్టింది. ముగ్గురం పాసింజరెక్కి వెళ్ళి బాల్కనీలో కూర్చున్నాం. కథ ఎటు పోతోందో తీసినవాళ్ళకైనా తెలుసో లేదో. తెల్ల సూటు ఒక అడుక్కి తెల్లగా, ఇంకో అడుక్కి గులాబీ రంగులో ఉంది. నా వేషం వచ్చింది. రెండు క్షణాలు నా వీపు కనబడింది. డైలాగు కోసేశారు. "నాన్నా, నువ్వేనా అది?" అంది చిన్నమ్మి.

తర్వాత సన్నే వచ్చింది. తెర నిండా ఆమె ముఖం. కింద హిందీ అక్షరాలు: నా కోడి, నా బంగారు కోడి, పక్కింటివాడు కూర వండుకున్నాడు సాబ్. హీరో పక్కకి తిరిగి, "మసాలా సరిపోయిందా అడగండి" అన్నాడు. బాల్కనీ మొత్తం గొల్లున నవ్వింది. కింద ముందు వరసల్లో అప్పటిదాకా ఈలలు వేస్తున్న కుర్రాళ్ళు ఉన్నట్టుండి ఆగిపోయారు. వాళ్ళు హల్బీ మాట్లాడేవాళ్ళు. ఆమె మాట వాళ్ళకి తెలుస్తోంది.

ప్రమీలారాణి కూడా ఈ ఊరి సంతల్లో ఏళ్ళ తరబడి బేరాలాడిన మనిషే. నా వైపు తిరిగింది.

"ఏటండీ, ఆయమ్మి కొడుకు కోసం ఏడుస్తంది కదా? కోడి అని రాసారేటి?"

నేను తెర కేసే చూస్తూ కూర్చున్నాను.

"మీరక్కడే ఉన్నారు కదా? మీరే కదా సెప్పింది ఆళ్ళకి?"

ఇంటర్వెల్లోనే లేచి వచ్చేశాం. బండిలో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక అన్నీ చెప్పాను, ఆ పదకొండు మంది సంగతీ చెప్పాను. వింటున్నంతసేపూ కొత్త చీర మడత పెడుతూనే ఉంది.

"ఒక్క మాట కోసరం, దాని కొడుకుని మింగేసారా?" అంది. "రేపే ఆయమ్మిని వకీలమ్మ కాడికి తీసుకెల్లండి. అప్పటిదాకా నాతో మాటాడకండి."

పద్దెనిమిదేళ్ళ సంసారంలో ఆవిడ నన్ను అలా చూడటం అదే మొదలు. మర్నాడే పల్లెకి వెళ్ళి సన్నేని బయల్దేరదీశాను. ఏం చెప్పి అనుకున్నారు? "సాబ్ పని ఆలస్యమవుతోంది, ఈలోగా వకీలమ్మని కలుద్దాం" అన్నాను. వేలిముద్ర వేయించేస్తే చాలు, మిగతాది చెప్పక్కర్లేదని నా ఎత్తు. అంతకంటే దొంగబుద్ధి ఉంటుందా చెప్పండి!

వకీల్ మేడమ్ ఎక్కడో ఉత్తరాది మనిషి. జగదల్‌పూర్లో అద్దె ఇంట్లో ముందు గది ఆఫీసు. హల్బీ రాదు. ఇల్లు ఊడ్చి టీ పెట్టే నందే అనే ఆవిడే వచ్చినవాళ్ళ మాటలు హిందీలో చెబుతుందట. "ఇవాళ మీరున్నారు కదా, బాగా చెబుతారు" అని నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది మేడమ్. ఫైలు తిరగేసింది.

"అప్పుడే వేలిముద్ర వేసుంటే పన్నెండో వాడు కూడా ఇంట్లో ఉండేవాడు. ఆ జడ్జి బదిలీ అయిపోయారు. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఎందుకు వెయ్యలేదో అడగండి."

అడిగాను. సన్నే నిటారుగా కూర్చుని చెప్పింది. నేను ఒక్కో మాటా హిందీలోకి మార్చాను.

"పెద్ద సాబ్ అయిపోతుందని చెప్పారంటోంది మేడమ్."

"ఎవరో ఒక సాబ్ చెబితే నమ్మేసిందా? నాలుగేళ్ళుగా ఎంతమంది సాబ్‌లని చూసింది ఈమె?"

అది కూడా అడిగాను. సన్నే నా కేసి చూసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. "ఠాణాలో సాబ్, కచేరీలో సాబ్, జైలు గేటు దగ్గర సాబ్, ఎవరూ నా మాట సగం కూడా వినలేదు. పో పో అన్నారు. ఈ సాబ్ ఒకసారి విన్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ విన్నాడు. మూడుసార్లు విన్నాడు. అంత శ్రద్ధగా విన్నవాడు అబద్ధం చెబుతాడా? నీకు తెలుసు కదా బాబూ, నువ్వే కదా చెప్పమన్నావు."

మేడమ్ ఎదురుచూస్తోంది. నా నాలుగు భాషల్లో ఏ ఒక్కటీ నోటికి రావడం లేదు.

"ఏమంటోంది?" అంది మేడమ్.

డైరెక్టరు అడిగిన మాట అదే. ఈసారి మొత్తం చెప్పాను, నా పేరుతో సహా. ఆ నువ్వు అన్నది నేనే మేడమ్ అన్నాను. కోడి సంగతి చెప్పాను. మేడమ్ కలం కింద పెట్టేసింది. "ఇది ఈమెకి తెలుసా?" అంది. తెలీదన్నాను. "అయితే ముందు ఈమెకి చెప్పండి" అంది.

సన్నే వైపు తిరిగాను. హల్బీలో నాటకాన్ని నాట్ అంటారు. ఊరూరా జాతరల్లో ఆడతారు. రాజు వేషం వేసినవాడు తెల్లారి పొలానికి పోతాడని ఇక్కడ అందరికీ తెలుసు. గోడౌన్ ముందు ఆ రోజు ఈ చిన్న మాట ఒక్కటి అనుంటే సరిపోయేది. ఇప్పుడన్నాను.

"సన్నే, అది నాట్. ఆ సాబ్ సాబ్ కాదు. వేషగాడు. నాకు తెలుసు. నీకు చెప్పలేదు."

ఆమె అరవలేదు.

"మూడుసార్లూ?" అంది.

"మూడుసార్లూ నాటే."

మేడమ్ కొత్త కాగితం, సిరా డబ్బా ముందుకి జరిపింది. సన్నే కాగితం కేసి చూసింది, మేడమ్ కేసి చూసింది, చివరికి నా కేసి చూసింది.

"మరి ఇది?" అంది. "ఇదీ నాటేనా?"

"కాదు సన్నే, ఒట్టు, ఇది నిజం" అన్నాను.

ఆమె చెయ్యి సిరా దాకా వెళ్ళలేదు. వంటింటి వైపు తిరిగి, "ఓ అక్కా" అని నందేని పిలిచింది. నందే చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఈ కాగితంలో ఏముందో నువ్వు చెప్పు అంది సన్నే. తర్వాత కోపం లేకుండా నాతో, "నువ్వు బయట కూర్చో బాబూ" అంది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. కిటికీలోంచి మాటలు వినిపిస్తున్నాయి. నందేకి హిందీ అంతంత మాత్రమే. జమానతు అన్న మాటకి తడుముకుంటోంది, తారీకు తప్పు చెప్పి మేడమ్‌ని మళ్ళీ అడిగి దిద్దుకుంటోంది. నేనైతే అరనిమిషంలో చెప్పేవాణ్ణి. సన్నే ఆమెని తొందరపెట్టడం లేదు. ఒక్కో మాట దగ్గరా ఆపి అడుగుతోంది. ఏదైనా అవసరపడి నన్ను పిలుస్తారేమోనని తలుపు కేసి చూస్తూ కూర్చున్నాను. పిలవలేదు.